బీటెక్ మొదటి లెక్కల పేపర్ ఎం1కి క్లాసు నోట్సు ఒక్కటే సరిపోవట్లేదు, బయట ఏం చదవాలి? ఎలా చదవాలి?

మూసీ_తీరం:

అన్నలకీ అక్కలకీ నమస్తే. నేను జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీలో బీటెక్ మొదటి సంవత్సరం, ఈసీఈ. మాది సూర్యాపేట దగ్గర ఊరు. ఇంటర్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియంలో చదివాను, ఎంపీసీలో మార్కులు బాగానే వచ్చాయి, లెక్కలంటే ఇష్టం కూడా. కానీ ఇక్కడికొచ్చాక ఎం1 దగ్గర, అదే మాట్రిసెస్ అండ్ కాల్క్యులస్ దగ్గర, ఊపిరాడట్లేదు. సార్ మంచివారే కానీ సిలబస్ అవ్వాలని వేగంగా వెళ్ళిపోతారు. బోర్డు మీద ఉన్నది రాసుకునేలోపే తుడిచేసి తర్వాతి లెక్క మొదలుపెడతారు, రాసుకోవడమో అర్థం చేసుకోవడమో ఏదో ఒకటే అవుతోంది.

మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్షలో, ర్యాంక్ లెక్క పూర్తిగా చేశాను. ఐగెన్ వెక్టర్లది (మాత్రికతో గుణిస్తే తమకే కొన్ని రెట్లుగా వచ్చే వెక్టర్లు) సగంలో ఆగిపోయింది. మీన్ వాల్యూ థియరమ్ ముట్టుకోలేదు. ఇప్పుడు రెండో మిడ్, ఆ వెంటనే సెమిస్టర్ పరీక్షలు.

నా సమస్య చదవడానికి ఏమీ లేకపోవడం కాదు, మరీ ఎక్కువ ఉండటం. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరెవరివో చేతిరాత నోట్సులు, చేసిన జవాబులతో సహా ఉండే ఒక ఆల్ ఇన్ వన్ పీడీఎఫ్, తెలుగులో చెప్పే యూట్యూబ్ ప్లేలిస్టులు, ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ వీడియో లింకులు, ఎవరో అన్న పెట్టిన ఎంఐటీ లెక్చర్లు, అన్నీ ఉన్నాయి. రాత్రి హాస్టల్లో ఒక వీడియో పెడతాను, చూస్తున్నంతసేపూ అంతా అర్థమవుతున్నట్టే ఉంటుంది, ఫోన్ పక్కనపెట్టి పుస్తకం తీస్తే రెండో లైను కూడా రాదు. మళ్ళీ ఇంకో వీడియో. ఇలాగే అర్ధరాత్రి అవుతోంది.

నా రూమ్మేట్ ఒక యాప్‌లో డబ్బు కట్టి కోర్సు తీసుకుంటున్నాడు, నన్నూ తీసుకోమంటున్నాడు. ఇంట్లో అడిగితే ఎక్కడో ఒకచోట తెచ్చి ఇస్తారు, కానీ పత్తి ఇంకా అమ్మలేదు, ఈ టైములో అడగాలని లేదు. నిజంగా అవసరమైతేనే అడుగుతాను. వీటన్నింటిలో ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి, రోజుకి ఎంతసేపు దేనికి పెట్టాలి, కాస్త వివరంగా చెప్పండి. పాస్ అవ్వడం మాత్రమే కాదు, సబ్జెక్టు రావాలని ఉంది, ముందు ముందు వచ్చే సిగ్నల్స్ సబ్జెక్టులో అంతా లెక్కలే అంటున్నారు.

కాకతీయ_తోరణం:

తమ్ముడూ, ముందు డబ్బు విషయం. ఏమీ కట్టకు. ఎం1 కోసం డబ్బు పెట్టి కొనాల్సింది ఏదీ లేదు, కావలసినదంతా ఉచితంగానే ఉంది, నీ దగ్గర ఇప్పటికే సగం ఉంది కూడా. నేను నాలుగో సంవత్సరం, ఈసీఈ, నేనూ తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్నే, వరంగల్ వైపు.

నువ్వు ఐగెన్ వెక్టర్ల దగ్గర సగంలో ఆగానన్నావు కదా, ఆ సగం ఎక్కడో ఒకసారి చూసుకో. నేను గమనించినంతలో దాదాపు అందరూ ఐగెన్ విలువలు కనుక్కుంటారు, అంటే నిర్ధారకం విప్పి క్యూబిక్ సమీకరణం సాధించేదాకా వెళ్తారు. ఆ విలువ తిరిగి పెట్టాక మూడు సమీకరణాలు వస్తాయి చూడు, కుడివైపు అన్నీ సున్నాలతో, వాటిని సాధించే దగ్గర ఆగిపోతారు. అది బీటెక్ పాఠం కాదు! ఇంటర్ మొదటి సంవత్సరం 1ఏ లో మాత్రికల పాఠంలో ఉన్నదే. ర్యాంకు, సమీకరణ వ్యవస్థ సంగతమా కాదా, గాస్ జోర్డాన్ పద్ధతి, అన్నీ అక్కడ తెలుగులో చదువుకునే వచ్చావు. రోల్, లెగ్రాంజ్ సిద్ధాంతాలు 1బీ లో అవకలనం అనువర్తనాల దగ్గర ఉన్నాయి. బీటా, గామా ఫంక్షన్లు కొత్తవే కానీ వాటిని నడిపేది 2బీ లోని నిశ్చిత సమాకలనులు. అంటే నీకు కావలసిన మొదటి అదనపు పుస్తకం తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకం, అది మీ ఇంట్లో అటక మీదో పెట్టెలోనో ఉంటుంది, ఈసారి ఊరెళ్ళినప్పుడు తెచ్చుకో. బీటెక్ విద్యార్థివై ఇంటర్ పుస్తకం తీయడం నామోషీ అనుకోవద్దు. కింద మెట్టు సరిగ్గా లేకుండా పై మెట్టుకి వందల వీడియోలు చూసినా నిలబడదు.

రెండోది, యూనివర్సిటీ సైట్ నుంచి ఆర్22 (యూనివర్సిటీ 2022లో తెచ్చిన రెగ్యులేషన్) సిలబస్ కాపీ దింపుకుని, ఎం1 పేజీ ఒక్కటి ప్రింట్ తీసుకో. ఐదు యూనిట్లు. మాత్రికలు, ఐగెన్ విలువలు, కాల్క్యులస్, పాక్షిక అవకలనం, మల్టిపుల్ ఇంటిగ్రల్స్. ఒక్కో యూనిట్ కింద అంశాలు కొన్నే ఉంటాయి. ఆ కాగితం గోడకి అంటించి, నువ్వు చూడకుండా చేయగలిగిన అంశం పక్కన టిక్ పెట్టు. చదివినదానికి కాదు టిక్, పుస్తకం మూసి చేసినదానికే. ఇక వీడియో వెతికేది టిక్ లేని అంశం కోసమే. ప్లేలిస్ట్ మొదటి వీడియో నుంచి వరసగా చూసుకుంటూ పోకు, అది సినిమా చూసినట్టే, బుర్ర పని చేయదు.

వీడియో చూసే పద్ధతి కూడా చెప్తాను. లెక్క స్క్రీన్ మీద పడగానే ఆపు. పెన్ను తీసి నీకు వచ్చినంతవరకూ చెయ్యి, ఒక్క లైను వచ్చినా సరే. ఆగిన చోట మళ్ళీ ప్లే చేసి ఆ ఒక్క అడుగు చూడు, మళ్ళీ ఆపు. పది నిమిషాల వీడియోకి నలభై నిమిషాలు పడుతుంది, పట్టనీ. ఆ మర్నాడు పొద్దున అదే లెక్క ఏదీ చూడకుండా మళ్ళీ చెయ్యి. రాత్రి అర్థమైంది అనిపించింది నిజంగా వచ్చిందో లేదో ఆ పొద్దుటి లెక్కలో తెలిసిపోతుంది.

చార్మినార్_ఎక్స్‌ప్రెస్:

అక్క చెప్పింది బాగుంది కానీ నేను ఒక మాట గట్టిగా చెప్తాను, టైమ్ తక్కువ ఉంది బ్రో, ముందు పాత ప్రశ్నపత్రాలు పట్టుకో. నేను పాసై ఉద్యోగంలో ఉన్నాను, నా క్లాసులో ఎన్‌పీటీఈఎల్ మొత్తం చూస్తాను అని కూర్చున్నవాళ్ళు మూడో వారానికి వదిలేశారు, పాత పేపర్లు చేసినవాళ్ళు గట్టెక్కారు.

పేపర్ ఎలా ఉంటుందో తెలుసుకుని చదువు. ఆర్22లో సెమిస్టర్ పరీక్ష 60 మార్కులకి, ఇంటర్నల్స్ 40. పార్ట్ ఏ లో పది చిన్న ప్రశ్నలు, ఒక్కోటి ఒక మార్కు, యూనిట్‌కి రెండేసి. పార్ట్ బీ లో ఐదు ప్రశ్నలు, యూనిట్‌కి ఒకటి, ఇదైనా అదైనా అని ఛాయిస్ ఉంటుంది, ఒక్కోటి 10 మార్కులు. పాస్ అవ్వాలంటే 60లో కనీసం 21, ఇంటర్నల్స్‌లో కనీసం 14, రెండూ కలిపి 100కి 40. ఇంటర్నల్స్‌లో రెండు మిడ్‌ల సగటు తీసుకుంటారు కాబట్టి మొదటిది పోయినా రెండోది బాగా రాస్తే ఇంకా చేతిలోనే ఉంది, టెన్షన్ పడకు.

పాత పేపర్లలో మళ్ళీ మళ్ళీ కనిపించే రకాలు కొన్ని ఉన్నాయి. కేలీ హామిల్టన్ సిద్ధాంతం సరిచూసి దాంతో విలోమం కనుక్కోవడం, క్వాడ్రాటిక్ ఫారమ్‌ని ఆర్థోగనల్ ట్రాన్స్‌ఫర్మేషన్‌తో కెనానికల్ ఫారమ్‌కి (వర్గాలు మాత్రమే మిగిలే రూపానికి) మార్చడం, బీటా గామాల మధ్య సంబంధం, జాకోబియన్, లెగ్రాంజ్ గుణకాలతో గరిష్ఠ కనిష్ఠాలు, ఛేంజ్ ఆఫ్ ఆర్డర్ ఆఫ్ ఇంటిగ్రేషన్. ఆర్18 పేపర్లు కూడా వదలకు, మార్కులు పంచిన తీరు వేరు కానీ ఈ అంశాల్లో చాలావరకు అక్కడా ఉన్నాయి. యూనిట్ వారీగా ఒక నోటుబుక్‌లో ప్రశ్నలు మాత్రం రాసుకో, జవాబులు వద్దు. తర్వాత ఆల్ ఇన్ వన్ పక్కన పెట్టుకుని ఒక్కోటి చేసుకుంటూ పో. ఎంఐటీ లెక్చర్లు సెలవుల్లో చూసుకోవచ్చు.

పెన్నా_సుద్దముక్క:

నేను ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్తాను, నెల్లూరు వైపు. జేఎన్‌టీయూహెచ్ కాదు కానీ ఎం1 ఎక్కడైనా ఇంచుమించు ఇదే. పై రెండు సమాధానాల్లోనూ విషయం ఉంది. పాత పేపర్లు చేయమన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, ఏ లోతు వరకు చదవాలో అవే చెప్తాయి. కానీ "ఆల్ ఇన్ వన్ పక్కన పెట్టుకుని" అన్న దగ్గర ఒప్పుకోను. జవాబు పక్కన ఉన్నంతసేపూ కన్ను అటే పోతుంది నాన్నా, చేయి మాత్రం కాపీ చేస్తుంది. పైగా ఆ పుస్తకాల్లో మధ్య అడుగులు మింగేస్తారు, అచ్చు తప్పులు ఉంటాయి. గ్రూపుల్లో తిరిగే చేతిరాత నోట్సుల సంగతి ఇక చెప్పక్కర్లేదు, ఒకరి తప్పు నలుగురి పేపర్లలో యథాతథంగా కనిపిస్తుంటుంది, దిద్దేటప్పుడు చూస్తూనే ఉంటాను.

అందుకని నీ జవాబు సరైనదో కాదో నువ్వే తేల్చుకోవడం నేర్చుకో. ఇది వస్తే ఏ సమాధానాల పుస్తకం మీదా ఆధారపడక్కర్లేదు. ఐగెన్ విలువలు వచ్చాయా? వాటన్నింటినీ కూడితే మాత్రికలో ప్రధాన వికర్ణం మీది అంకెల మొత్తానికి సమానం కావాలి, గుణిస్తే నిర్ధారకం రావాలి. మొదటి వరస 2, 1, రెండో వరస 1, 2 అనుకో. ఐగెన్ విలువలు 3, 1. మొత్తం 4, వికర్ణం మొత్తమూ 4. లబ్ధం 3, నిర్ధారకమూ 4 లోంచి 1 తీస్తే 3. పది సెకన్ల పని. ఐగెన్ వెక్టర్ వచ్చిందా, మాత్రికతో గుణించి చూడు, అదే వెక్టర్‌కి ఐగెన్ విలువ రెట్లు రావాలి. విలోమం కనుక్కుంటే అసలు మాత్రికతో గుణించు. పరీక్ష హాల్లో కూడా ఇవి చేసుకోవచ్చు. నా దగ్గర చదివేవాళ్ళకి ఇది అలవాటు చేయించాక వాళ్ళ ముఖాల్లో ధైర్యం కనిపించింది, సార్ ఇది కరెక్టేనా అని వచ్చి అడగడం తగ్గింది.

ఐదో యూనిట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎక్కువమంది ఛాయిస్‌లో వదిలేయాలని చూసేది అదే, వదిలే వీలూ లేదు, యూనిట్‌కి ఒక ప్రశ్న కాబట్టి. అక్కడ అదనపు వనరుగా పుస్తకం కంటే బొమ్మ ఎక్కువ పనిచేస్తుంది. ఫోన్‌లో గ్రాఫులు గీసే జియోజీబ్రా యాప్ ఉచితంగా వస్తుంది, వేసుకో. ఒక ఉదాహరణ ఇస్తాను. ఈ (e) పవర్ వై స్క్వేర్‌ని ముందు వై పరంగా ఎక్స్ నుంచి 1 వరకు, తర్వాత ఎక్స్ పరంగా 0 నుంచి 1 వరకు సమాకలనం చేయమన్నారు. ఉన్నది ఉన్నట్టు చేయబోతే మొదటి అడుగులోనే ఆగిపోతావు, ఈ పవర్ వై స్క్వేర్‌కి మనకి తెలిసిన ఫంక్షన్లలో సమాకలని లేదు. ఇప్పుడు వై ఈక్వల్స్ ఎక్స్ గీత, వై ఈక్వల్స్ 1 గీత, వై అక్షం, మూడూ గీసి చూడు. మధ్యలో ఒక త్రిభుజం కనిపిస్తుంది. దాన్ని నిలువు పట్టీలుగా కోసే బదులు అడ్డంగా కోస్తే ఎక్స్ 0 నుంచి వై వరకు, వై 0 నుంచి 1 వరకు. లోపలి సమాకలనం చేయగానే బయట ఒక వై వచ్చి గుణకంగా చేరుతుంది, వై స్క్వేర్‌ని వేరే చలరాశిగా తీసుకుంటే రెండు లైన్లలో అయిపోతుంది, జవాబు (ఈ మైనస్ 1) మొత్తం బై 2. బొమ్మ లేకుండా హద్దులు మార్చే సూత్రం కంఠస్థం చేసినవాళ్ళు ప్రాంతం కొంచెం మారితే చాలు తప్పు చేస్తారు. ముందు కాగితం మీద నువ్వు గీసి, తర్వాత యాప్‌లో సరిచూసుకో. తిరగేసి చేయకు.

ఇక పెద్ద వనరుల మాట. ఎన్‌పీటీఈఎల్ ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపేది, 2003 నుంచి ఉంది, వీడియోలు ఎప్పుడైనా ఉచితంగా చూడొచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. కొన్ని కోర్సుల లెక్చర్ల పాఠం తెలుగులో కూడా ఉంది, ఇంగ్లీషు విని అందుకోలేకపోతున్నావంటే అది వెతుక్కో. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు అద్భుతం, నేను ఇప్పటికీ చూస్తాను, కానీ అవి మీ పేపర్‌కి కొలిచి చెప్పినవి కావు. ర్యాంక్ అంటే అసలేమిటి, ఐగెన్ వెక్టర్ ఎందుకు అన్న ప్రశ్న మనసులో మెదిలినప్పుడు ఆదివారం ఒకటి పెట్టుకుని చూడు. నువ్వు సబ్జెక్టు రావాలన్నావు కాబట్టి చెప్తున్నాను, లేకపోతే చెప్పను. సిగ్నల్స్‌కి వెళ్ళాక ఆ చూపు చాలా పనికొస్తుంది.

మీవాళ్ళందరూ ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌లని అడుగుతున్నారు. వద్దని అనను. కానీ జవాబు అడగొద్దు. నీ లెక్క రాసి, ఏ అడుగులో తప్పు జరిగిందో ఆ అడుగు మాత్రం చూపించు అని అడుగు. అది చాలా నమ్మకంగా తప్పు చెప్పే సందర్భాలు ఉంటాయి, కూడికల్లో తీసివేతల్లో కూడా, కాబట్టి పైన చెప్పిన సరిచూసే పద్ధతులు దాని జవాబుకీ వాడు.

చివరిగా ఒకటి. మీ సార్ వేగంగా వెళ్తారన్నావు. ఆయనకీ సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి ఉంటుంది, క్లాసులో ఆపి అడగడం నీకూ కష్టమే. కానీ స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి "సార్ అర్థం కాలేదు" అనకుండా "సార్, ఈ లైను వరకు చేశాను, ఇక్కడి నుంచి ఎలా" అని నోటుబుక్ చూపించు. అలా వచ్చినవాడిని వెనక్కి పంపే మాస్టారు చాలా అరుదు. మాకు అలాంటి పిల్లలు వస్తే ఆ రోజంతా బాగుంటుంది.

టెక్సస్_తెలుగు:

లెక్చరర్ గారు చివర్లో చెప్పిందాన్నే నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. ఇక్కడ టెక్సస్‌లో మాస్టర్స్ చేస్తూ టీచింగ్ అసిస్టెంట్‌గా కాల్క్యులస్ పిల్లలకి సాయం చేస్తున్నాను. ఇక్కడి యూనివర్సిటీల్లో ఆఫీస్ అవర్స్ అని ఉంటాయి, వారంలో ఫలానా గంటల్లో ప్రొఫెసర్, టీఏ తలుపు తీసి కూర్చుంటారు, ఎవరైనా వెళ్ళి అడగొచ్చు. లెక్కలకి విడిగా ట్యూటరింగ్ సెంటర్ కూడా ఉంటుంది, విద్యార్థులకి ఉచితం. మన దగ్గర నుంచి వచ్చినవాళ్ళు మొదటి సెమిస్టర్‌లో అటువైపు వెళ్ళరు, అడిగితే తెలివి తక్కువనుకుంటారని భయం. ఇక్కడివాళ్ళు చిన్న డౌట్ అయినా వచ్చి అడుగుతారు. వాళ్ళకి మనకన్నా ఎక్కువ వచ్చని కాదు, అడగడం చదువులో భాగం అనుకుంటారు. నువ్వు ఇప్పటి నుంచే అలవాటు చేసుకో తమ్ముడూ, ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది.

ఎవరూ చెప్పని ఒక పుస్తకం చెప్తాను. రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్‌లో కాల్క్యులస్ మూడు భాగాలుగా ఉంది, పీడీఎఫ్ చట్టబద్ధంగా ఉచితం. నీ నాలుగు, ఐదు యూనిట్లకి మూడో భాగంలో రెండే అధ్యాయాలు కావాలి, చాలా చరరాశుల అవకలనం ఒకటి, మల్టిపుల్ ఇంటిగ్రేషన్ ఒకటి. ఇంగ్లీషు తేలిగ్గా ఉంటుంది, బొమ్మలు బాగుంటాయి, బేసి సంఖ్య లెక్కలకి వెనక జవాబులు ఉంటాయి, పూర్తి సాధన కాదు, జవాబు మాత్రమే. నువ్వు చేసి చూసుకోవడానికి అదే మేలు. మొదటి రెండు యూనిట్లకి మాత్రం ఇది పనికిరాదు, అక్కడ మాత్రికలు లేవు.

ఇంకొకటి, హాస్టల్లో ఉన్నావు కదా, అది పెద్ద వరం. రూమ్మేట్ ఆ యాప్ కోర్సు ఎలాగూ తీసుకున్నాడు, అతన్ని ఏమీ అనకు. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఇద్దరూ ఒకరికొకరు ఒక్కో లెక్క ఇచ్చుకోండి, తర్వాత అవతలివాడికి వివరించాలి. వివరిస్తుంటే ఎక్కడ తడబడతామో అక్కడే మనకి రానిది ఉంటుంది. నువ్వు తెలుగులోనే వివరించు, ఏం ఫరవాలేదు, పేపర్‌లో ఇంగ్లీషులో రాయాల్సిన వాక్యాలు మహా అయితే లెక్కకి మూడు నాలుగు.

చార్మినార్_ఎక్స్‌ప్రెస్:

లెక్చరర్ గారూ, ఆల్ ఇన్ వన్ మాట మీరన్నది నిజమే, ముందు చేసి తర్వాత చూడమనే చెప్పాలి. కానీ సార్, టైమ్ లేని పిల్లవాడికి ఇన్ని చెప్తే మళ్ళీ అదే సమస్య, ఏది ముందో తెలియదు. తమ్ముడూ, నా లెక్క ప్రకారం రోజుకి గంటన్నర చాలు ఎం1కి. అందులో మొదటి గంట పాత పేపర్ ప్రశ్నలు, ఏదీ తెరవకుండా. మిగతా అరగంట మాత్రమే వీడియో, పుస్తకం, చాట్‌బాట్, ఏదైనా సరే, అదీ ఆ గంటలో ఆగిన చోటు కోసం. ఆ గంటలో ఎక్కడా ఆగకపోతే ఆ రోజుకి వీడియో అక్కర్లేదు. యూనిట్‌కి ఒకే పుస్తకం, ఒకే ఛానెల్ పెట్టుకో, ఇద్దరు ముగ్గురి పద్ధతులు కలిపితే గుర్తులు కూడా మారిపోయి గందరగోళం అవుతుంది. గ్రూపులో వచ్చే కొత్త పీడీఎఫ్‌లు పరీక్షలయ్యేదాకా దింపుకోవద్దు.

పెన్నా_సుద్దముక్క:

ఈ గంట, అరగంట లెక్క బాగుంది. ఇదే పాటించు.

మూసీ_తీరం:

అందరికీ చాలా థాంక్స్. యాప్ కోర్సు తీసుకోవట్లేదు, ఇంట్లో అడగలేదు. అమ్మ 1ఏ, 1బీ పుస్తకాలు మా ఊరి నుంచి హైదరాబాద్ వస్తున్న బాబాయితో పంపింది. సున్నాల సమీకరణాల దగ్గరే నా బండి ఆగిందని అక్క చెప్పింది అక్షరాలా నిజం, అది 1ఏ లో చూసుకున్నాక ఐగెన్ వెక్టర్లు వస్తున్నాయి. సిలబస్ కాగితం గోడకి అంటించాను, మొదటి యూనిట్ అంతా టిక్కులు పడ్డాయి. రూమ్మేట్‌తో రాత్రి లెక్కలు కూడా మొదలయ్యాయి, వాడికి పాక్షిక అవకలనం బాగా వస్తుంది, నాకు మాత్రికలు, కాబట్టి ఇద్దరికీ కలిసొచ్చింది.

ఇప్పుడు ఒక డౌట్, సార్ చెప్పినట్టు ఎక్కడిదాకా వచ్చానో రాస్తున్నాను. క్వాడ్రాటిక్ ఫారమ్ 2 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 2 వై స్క్వేర్ ప్లస్ 2 జెడ్ స్క్వేర్ ప్లస్ 2 ఎక్స్‌వై ప్లస్ 2 వైజెడ్ ప్లస్ 2 జెడ్‌ఎక్స్. కెనానికల్ ఫారమ్‌కి మార్చాలి. మాత్రిక రాశాను, వికర్ణం మీద అన్నీ 2, మిగతా అన్నీ 1. ఐగెన్ విలువలు 4, 1, 1 వచ్చాయి. మొత్తం 6, వికర్ణం మొత్తమూ 6. నిర్ధారకం 4, లబ్ధమూ 4. ఇక్కడిదాకా ధైర్యంగానే ఉంది. 4కి వెక్టర్ 1, 1, 1. కానీ 1 అనే విలువ రెండుసార్లు వచ్చింది, దానికి ఎక్స్ ప్లస్ వై ప్లస్ జెడ్ ఈక్వల్స్ 0 అనే ఒక్క సమీకరణమే మిగిలింది. అందులోంచి 1, మైనస్ 1, 0 ఒకటి, 1, 0, మైనస్ 1 ఇంకొకటి తీసుకున్నాను. చివర్లో సరిచూస్తే ఈ మూడు వెక్టర్లతో కట్టిన మాత్రికని దాని ట్రాన్స్‌పోజ్‌తో గుణించినప్పుడు ఐడెంటిటీ రావట్లేదు. యూట్యూబ్‌లో చూసిన లెక్కలో మూడు విలువలూ వేరువేరుగా ఉన్నాయి, అందులో ఈ ఇబ్బంది రాలేదు. ఎక్కడ తప్పాను?

పెన్నా_సుద్దముక్క:

శభాష్, డౌట్ అడగాల్సింది ఇలాగే. నువ్వు ఎక్కడా తప్పలేదు, ఒక అడుగు మిగిలింది. నువ్వు తీసుకున్న రెండూ ఐగెన్ వెక్టర్లే, కానీ ఒకదానికొకటి లంబంగా లేవు. డాట్ ప్రొడక్ట్ చూడు, ఒకటి ఇంటూ ఒకటి, మిగతావి సున్నాలు, మొత్తం 1 వస్తోంది, 0 రావాలి. సౌష్ఠవ మాత్రికలో వేరువేరు ఐగెన్ విలువల వెక్టర్లు వాటంతటవే లంబంగా ఉంటాయి, అందుకే ఆ వీడియోలో ఇబ్బంది రాలేదు. విలువ రెండుసార్లు వస్తే మాత్రం ఆ లంబత్వం మనమే చూసుకోవాలి.

మొదటిది 1, మైనస్ 1, 0 అలాగే ఉంచు. రెండోది ఏ, బీ, సీ అనుకో. అది నీ సమీకరణాన్ని పాటించాలి, అంటే ఏ ప్లస్ బీ ప్లస్ సీ సున్నా. మొదటిదానికి లంబంగా ఉండాలి, అంటే ఏ మైనస్ బీ సున్నా. రెండూ కలిపితే ఏ, బీ సమానం, సీ వాటికి మైనస్ రెండు రెట్లు. అంటే 1, 1, మైనస్ 2. ఇప్పుడు మూడు వెక్టర్లనీ వాటి పొడవులతో భాగించు, 1, 1, 1 ని రూట్ 3 తో, 1, మైనస్ 1, 0 ని రూట్ 2 తో, 1, 1, మైనస్ 2 ని రూట్ 6 తో. వీటిని నిలువు వరసలుగా పెట్టి ట్రాన్స్‌పోజ్‌తో గుణించి చూడు, ఐడెంటిటీ వస్తుంది.

కెనానికల్ ఫారమ్ 4 రెట్ల మొదటి చరరాశి వర్గం ప్లస్ రెండోదాని వర్గం ప్లస్ మూడోదాని వర్గం. గుణకాలన్నీ ధనాత్మకం కాబట్టి పాజిటివ్ డెఫినిట్, ర్యాంక్ 3, ఇండెక్స్ (ధన గుణకాల సంఖ్య) 3, సిగ్నేచర్ (ధన గుణకాల సంఖ్యలోంచి రుణ గుణకాల సంఖ్య తీస్తే వచ్చేది) 3. ఈ చివరి లైను రాయడం చాలామంది మర్చిపోతారు, అడిగినప్పుడు దానికి మార్కులు ఉంటాయి.

ఇప్పుడు వికర్ణం మీది మూడు 2 ల బదులు మూడూ 0 పెట్టి, మిగతావి 1 లే ఉంచి అదే లెక్క చెయ్యి. వెక్టర్లు మారతాయా లేదా, ఫారమ్ స్వభావం ఏమవుతుంది, చేసి ఇక్కడే రాయి.